సంతకానికి ముందు

సినిమా, యానిమేషన్, గేమింగ్ వైపు వెళ్తున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వంతెనలు కట్టే మనిషిని. బొమ్మ గీయడం, పాట రాయడం నేర్పలేను. కానీ టెండరులో ప్రతి క్లాజూ చదవందే మేం గునపం దించం. ఆ అలవాటు మీకూ కావాలి.

మీ రంగంలో ‘ముందు పని కానివ్వండి, కాగితం తర్వాత చూద్దాం’ అంటారు. ఒప్పుకోకండి. కాపీరైటు బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలన్నది చట్టం. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాస్తారు. ఆ మాటలు కనబడితే ధర మళ్లీ మాట్లాడండి. సినిమా పాట రాసినవారికి, స్వరపరిచినవారికి 2012 సవరణ మేలు చేసింది. సినిమాతో పాటు హాల్లో వినిపించడం మినహా, మిగతా వాడకాలన్నిటి రాయల్టీలో సమాన వాటా ఉంది. నిర్మాతకు వదిలేస్తున్నానని రాసిచ్చినా చెల్లదు.

ఉద్యోగమైతే లెక్క వేరు. జీతానికి గీసిన బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. మా తమ్ముడి కూతురు రెండేళ్లు ఒక స్టూడియోలో రాత్రింబవళ్లు పనిచేసి, బయటికొచ్చాక ఒక్క ఫ్రేము చూపించుకోలేకపోయింది. కొత్త ఉద్యోగం కోసం మూడు నెలలు మళ్లీ బొమ్మలు గీసుకుంది. నా పనిని నమూనాగా చూపించుకోవచ్చా అని చేరేరోజే అడిగి రాయించుకోండి.

తల్లిదండ్రులూ, ‘ఆ ఫీల్డు వద్దు’ అని వాదించే ఓపికలో సగం ఆ కాగితం చదవడానికి పెట్టండి. ఎవరి దగ్గరైనా ఒప్పంద పత్రం ఉంటే భోజనాలయ్యాక తీసుకురండి, కలిసి చదువుదాం. కళ్లద్దాలు తెచ్చుకున్నాను.