తాబేటి యూపిరి



పంచతంత్రములోని కంబుగ్రీవుని కథ మీ రెఱుగనిది కాదు. వానలు లేక చెఱువు ఎండిపోవుచుండగా ఆ తాబేలు భయపడి రెండు హంసల నాశ్రయించినది. అవి ఒక కఱ్ఱ కొనలను ముక్కులతో పట్టి యెగురగా, నడుమ కఱ్ఱను కఱచి పట్టుకొని ఆకాశమున పోవుచు, నోరు తెఱచి క్రిందపడి చచ్చినది. ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన నేను, నోటిని అదుపులో నుంచుకొనవలెనని బోధించుటకు ఈ కథను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. కాని చెఱువెండినపుడు నిజమైన తాబేలు ఏమి చేయునో చాలకాలము నేను ఆలోచింపలేదు. అది పైకి పోదు, క్రిందికి పోవును. హంసలను వేడదు, బురదను నమ్ముకొనును. గాలి తక్కువైనపుడును, ఎండ యెక్కువైనపుడును దాని దేహము ఎట్లు నిలుచును, ఎంతవఱకు నిలుచును అను సంగతిని నేడు మీకు మనవి చేయదలచితిని. ఈ సంగతి తెలియక నేనొక ప్రాణిని చంపితిని గనుక మొదట ఆ తప్పును చెప్పుకొందును.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రమునకు మూడు క్రోసుల దూరమున నున్న పల్లె. భాషాప్రవీణ చదివి, ప్రక్క గ్రామపు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఏప్రిలు నెలలో, ఒంటిపూట బడుల దినములలో, చెఱువు నీరు మోకాటిలోతునకు దిగియుండెను. ఒక పిల్లవాడు అక్కడ దొరికిన తాబేటిని గోనెసంచిలో వేసికొని బడికి తెచ్చెను. అడుగుభాగమున వెనుక కాళ్లను కప్పు రెండు తలుపులవంటి మడతలుండు మన చెఱువు తాబేలే అది. కూర్మావతారపు కథ చెప్పుచు దానిని పిల్లలకు చూపితిని. మఱునాడు తక్కిన తరగతులవారికిని చూపవచ్చునని తలచి, సిమెంటు తొట్టిని అంచువఱకు నీటితో నింపించి, దాని నందులో విడిచి, పారిపోకుండ పైన పలక మూయించి, పలకపై రాయి పెట్టించితిని. నీటిలో బ్రతుకు ప్రాణికి నీటిలో నేమి భయమని నా నమ్మకము. తెల్లవాఱి పలక తీయగా అది మెడ చాచి చచ్చియుండెను. దానిని తెచ్చిన పిల్లవాడు నావైపు చూచి, "అయ్యవారూ, దానికి ఊపిరాడలేదేమో" అనెను. నేను వానిని గద్దించి తరగతికి పంపితిని. వాడు చెప్పినదే నిజము. తరువాత జంతుశాస్త్రము చెప్పు ఒక మిత్రుని నడిగి, ఆయన యిచ్చిన పుస్తకములు చదివి, ఆ నిజమును తెలిసికొంటిని.

తాబేలు చేప కాదు. చేపకు మొప్పలున్నవి, తాబేటికి మనవలెనే ఊపిరితిత్తులున్నవి. ఐనను మనవలె ఱొమ్ము పొంగించి ఊపిరి తీసికొనుట దానికి సాధ్యము కాదు. ఏలయన దాని ప్రక్కటెముకలు పైచిప్పలో కలిసిపోయినవి, కదలవు. కడుపు కండరములే ఊపిరితిత్తులను విప్పుచు, నొక్కుచు గాలిని నడుపును. కావున ముక్కును నీటిపైకెత్తి గాలి తీసికొని, అది మరల మునుగును. మన చెఱువు తాబేలు చర్మపు చిప్పగల తాబేళ్ల కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబపు తాబేళ్లు నీటిలో కరగియున్న ప్రాణవాయువును చర్మముగుండను, గొంతులోని సన్నని పోగులగుండను కొంత గ్రహింపగలవు. మునిగియున్నపుడు గొంతులోనికి నీటిని తీసికొని విడుచుచుండుట అందులకే. అమెరికాలో సైమన్ గేజ్, సుసానా గేజ్ అను దంపతులు 1886లో ఈ విషయమును ప్రకటించిరి. ఇది పైగాలికి తోడు మాత్రమే. ఎల్లప్పుడును దానికి బదులు కాజాలదు.

ఇక వేడిమి సంగతి. మన దేహము ధనుర్మాసపు చలిలోనైనను, రోహిణీకార్తె యెండలోనైనను సుమారు 37 డిగ్రీల వేడితోనే యుండును. అందులకై మనము తిన్న తిండిని పగలు రాత్రి పొయ్యిలో కట్టెలవలె కాల్చుకొనుచుందుము. తాబేలు ఆ ఖర్చు పెట్టుకొనదు. నీరు చల్లనైన అదియు చల్లన. నీరు వెచ్చనైన అదియు వెచ్చన. వేడి పది డిగ్రీలు తగ్గినచో దాని దేహవ్యయము సగమునకో మూడవవంతునకో దిగిపోవును. పది డిగ్రీలు పెరిగినచో రెండు మూడు రెట్లగును. చలికాలపు ఉదయమున అది చెఱువుకట్ట రాళ్లమీద ఎండ కాచుకొనుట సోమరితనము కాదు. ఒడలు వెచ్చబడినగాని తిన్నది అరుగదు. చలి దాని ఖర్చును తగ్గించును, ఎండ దాని ఖర్చును పెంచును. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో తక్కినదంతయు తేటపడును.

ఈ పొదుపు ఎంత దూరము పోగలదో చూపుటకు మంచుదేశపు తాబేటిని చెప్పవలెను. ఉత్తర అమెరికాలో రంగుల చారలుగల చిన్న తాబేలొకటి కలదు. శీతకాలమున కుంటలపై మంచు గడ్డకట్టి, పైకి వచ్చుటకు త్రోవ యుండదు. నీటిలోని ప్రాణవాయువును క్రమముగా హరించిపోవును. గోర్డన్ అల్ష్, డోనాల్డ్ జాక్సన్ అను శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన పరిశోధనలో, 3 డిగ్రీల చల్లని నీటిలో, ప్రాణవాయువు ఏమాత్రము లేకున్నను ఈ తాబేలు మూడు నెలలకు మించి బ్రతికినది. మనకైతే కొద్ది నిమిషములలో మెదడు చెడును. దానికి గుండె నిమిషమున కొక్కసారియైనను కొట్టుకొనదు. చలివలన అప్పటికే తగ్గిన దేహవ్యయము, గాలి లేమివలన మరల పదవవంతునకు దిగును. అవయవములను లోనికి తీసికొను తాబేటిని గీతలో స్థితప్రజ్ఞునకు ఉపమానముగా చెప్పిరి. అది కాళ్లను, తలను మాత్రమే గాక, తన బ్రతుకు ఖర్చునంతయు లోనికి తీసికొనునని ఈ శాస్త్రజ్ఞుల వలన నేను తెలిసికొంటిని.

గాలి లేకుండ బ్రతుకుటకు మఱియొక చిక్కు కలదు. ప్రాణవాయువు లేనిచో తాబేలు తన కాలేయములో దాచుకొన్న పిండిపదార్థమును పులియబెట్టి బ్రతుకును. అట్లు వచ్చు శక్తి, గాలితో కాల్చినపుడు వచ్చు శక్తిలో కొద్దిభాగము మాత్రమే. పైగా దానివలన ఒక పులుపు పుట్టి రక్తములో చేరుచుండును. అది లాక్టికామ్లము, మన యింట పెరుగును పులియజేయునదియు అదియే. అది మితిమీఱినచో ప్రాణము పోవును. దీనికి తాబేలు వెదకిన మందు ఎక్కడనో లేదు, తన వీపుమీదనే యున్నది. మన తీరమున రొయ్యలు పెంచువారు చెఱువు అడుగున పులుపు విఱుగుటకు సున్నము చల్లుట మీరు చూచియే యున్నారు. తాబేటి చిప్పలోను, ఎముకలలోను సున్నపు ద్రవ్యము మెండుగా నున్నది. అది కొంచెము కొంచెముగా కరగి రక్తములోని పులుపును విఱుచును. అంతేకాదు, ఆ పులుపులో సగమునకు దగ్గరగా చిప్పయే తనలో దాచుకొనును. చిప్ప శత్రువునుండి కాచు కవచమని మాత్రమే నేను పిల్లలకు చెప్పుచుంటిని. అది లోపలి శత్రువునుండియు కాచు కవచము.

ఇంతవఱకు విని, తాబేలు దేనినైనను ఓర్చునని మీకు తోచవచ్చును. నా తొట్టిలోని తాబేలు ఒక్క రాత్రిలో ఏల చచ్చినది? దానికి కారణములు మూడు. మొదటిది, అది మెత్తని చిప్పగల కుటుంబములోనిది. అమెరికాలో ఇదే కుటుంబపు తాబేటిని పరీక్షింపగా, అక్కడి తాబేళ్లలో ప్రాణవాయువు లేమిని అన్నిటికంటె తక్కువ ఓర్చునది అదియే యని తేలినది. చిప్ప పలుచనైనచో సున్నమును తక్కువ. రెండవది, మంచుదేశపు తాబేటికి చలి తోడున్నది; మన తాబేటికి లేదు. వేసవి రాత్రి మన నీరు ముప్పది డిగ్రీల దగ్గర నుండును. ఆ వేడిలో దాని ఖర్చు ఎక్కువ. ఎక్కువ ఖర్చునకు ఎక్కువ గాలి కావలెను. మూడవది, నీరు వేడెక్కిన కొలది అందులో కరగు ప్రాణవాయువు తఱుగును. 20 డిగ్రీలవద్ద ఒక లీటరు నీటిలో సుమారు 9 మిల్లిగ్రాములు కరగగలదు. 30 డిగ్రీలవద్ద ఏడున్నర మాత్రమే. రొయ్యల చెఱువులలో తెల్లవాఱుజామున గాలి చాలక, రాత్రియంతయు ఏరియేటర్లు త్రిప్పుట మీకు తెలిసినదే. కావలసినది పెరుగును, దొరకునది తఱుగును. వేసవి నీటిలో పైకి రానీయక మూసిన తాబేలు అడకత్తెరలోని పోకచెక్క. నేను దానిని నీటిలో నుంచితినని తలచితిని. నిజమునకు దాని ముక్కు మూసితిని.

మఱి మన చెఱువులు ఎండినపుడు అది యెట్లు నిలుచును? మన జిల్లాకు ప్రధానమైన వానలు ఈశాన్య ఋతుపవనమువి. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు చెఱువులు నిండును. మే నెలలో ఎండలు 40 డిగ్రీలు దాటును. చిన్న చెఱువులలో మరల నీరు చేరుటకు పెక్కు నెలలు పట్టును. నీరు తఱుగగా తాబేలు దగ్గరలో వేఱొక నీటిపట్టు ఉన్నచో నడచి పోవును. లేనిచో బురదలో దూఱి, తిండి మాని, కదలిక మాని, వానకై ఎదురుచూచును. పైన మన్ను ఎండి బీటలు వాఱినను, లోతున తేమయు చల్లదనమును ఉండును. ఆ చల్లదనమే దాని ఖర్చును తగ్గించును. ఇది మంచుదేశపు నిద్ర వంటిది కాదు. ఎండకు జడిసిన నిద్ర. కఱవు నాటి సంసారి ఒక్కపూట తిని, పనులు తగ్గించుకొని, గాదెలోని గింజలతో తొలకరివఱకు గడుపుట వంటిది.

పెద్దలారా, ఇక్కడనే మీతో నాకు పని యున్నది. చెఱువులలో పూడిక తీయుట మంచిపని, చేయవలసిన పని. కాని మనము దానిని చేయునది సరిగా తాబేలు బురదలో పండుకొనిన వేసవి నెలలలోనే. పూర్వము పారతోను, గంపతోను తీయునపుడు ఒకటి తగిలినచో ప్రక్కన పెట్టుచుంటిమి. ఇపుడు యంత్రము ఒక్క పట్టున గంపలకొలది మట్టిని ఎత్తి లారీలో పోయును. అందులో ఏమున్నదో చూచువారు లేరు. కావున చెఱువునంతయు ఒకే యేట తవ్వింపక, భాగములుగా తవ్వింపుడు. లోతుగా తడి నిలిచిన గుంట నొకదానిని ఆ యేటికి ముట్టక విడువుడు. మట్టిలో కదలని తాబేలు కనబడినచో చచ్చినదని పాఱవేయకుడు. కదలకుండుటయే దాని బ్రతుకు తెఱవు. దానిని ఎండలో నుంచక, నీడనున్న తడి బురద అంచున విడువుడు. లోతు నీటిలోనికి విసరకుడు. గాయపడినచో అటవీశాఖవారికి తెలుపుడు.

ఇక వలల సంగతి. చెఱువులలో రాత్రి వల కట్టి తెల్లవాఱి తీయు అలవాటు కలదు. అందులో చిక్కిన తాబేటికి నా తొట్టిలోని తాబేటి గతియే పట్టును. వలను నీటిపైన కొంత గాలి దొరకునట్లు కట్టినను, త్వరగా చూచినను అది బ్రతుకును. మన తీరమునకు గుడ్లు పెట్టుటకు వచ్చు సముద్రపు తాబేళ్లు చలికాలము చివర ఇసుకపై చచ్చి పడియుండుట మీలో పలువురు చూచియుందురు. సముద్రపు నీరు వాటిని చంపదు. లాగుడు వలలలో చిక్కి, పైకి వచ్చి ఊపిరి తీయలేక చచ్చునవి వానిలో అనేకములు.

బావినీరు శుభ్రమగునని తాబేటిని బావిలో వేయుటయు మన గ్రామములలో కలదు. నిట్రముగా కట్టిన బావిలో అది గాలి పీల్చుకొనగలదు గాని, ఎండ కాచుకొనుటకు మెట్టు లేదు, గుడ్లు పెట్టుటకు మన్ను లేదు. చీకటిలో దీర్ఘకాలము బ్రతికినను అది చెఱసాలయే. అడవి మెట్టలలో దొరకు నక్షత్రపు తాబేటిని చూచి దప్పిగొన్నదని చెఱువులో వేయకుడు. అది నేల తాబేలు, మునిగిపోవును. ఇంకొక మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున మన చెఱువు తాబేలు మొదటి పట్టికలో నున్నది. పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరములు. వానికి కారాగారశిక్ష కలదు. ఆనాడు బడిలో నేను చేసినదియు తప్పే. పాఠము చెప్పుటకైనను దానిని పట్టి యుంచుటకు నాకు హక్కు లేదు.

తాబేటి ఓర్పును మనము పొగడుదుము. కాని దాని ఓర్పునకు ఒక లెక్క కలదు: ఎంత చల్లన, ఎంత గాలి, ఎంత సున్నము, ఎంత దాచిన తిండి. ఆ లెక్క తప్పినచో అది నోరెత్తక చచ్చును. మొఱపెట్టని ప్రాణికి బాధ లేదని తలచుట మన పొరపాటు.

మొన్న ఉగాదికి ఆ పిల్లవాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, మా యింటికి వచ్చెను. ముప్పదియేండ్ల క్రింద అతడన్న మాటయే నిజమని అతనితో చెప్పితిని. అతడు నవ్వి, తమ యూరి చెఱువు పూడిక ఈ వేసవిలో ప్రారంభమగుననియు, నడిగుంటను విడిచి తవ్వుమని సంఘమువారితో చెప్పెదననియు అనెను. మీ యూళ్లలోను ఆ మాట చెప్పువా రొక్కరుందురుగాక యని కోరుచున్నాను.