శౌచమా? సంశయవ్యాధియా?
(కందుకూరు వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. మేము మన యిండ్లలో తలుపుచాటున దాగియున్న యొక వ్యాధిని గూర్చి విన్నవించెదము. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు, క్లుప్తముగ ఓ.సి.డి.

దీనికి లక్షణములు రెండు. మొదటిది, వలదన్నను మరల మరల మనస్సున జొరబడు తలంపు: చేతికి మైల యంటెనేమో, తలుపు గడియ పడలేదేమో, దైవసన్నిధిని పాపపుమాట నోట వచ్చునేమో యని. రెండవది, ఆ భీతి నడచుటకై చేయక నిలువలేని క్రియ: కడిగిన చేతినే కడుగుట, చూచిన గడియనే చూచుట, మనస్సులో లెక్కించుట, అడిగినదే యడుగుట. దానివలన గలుగు నెమ్మది క్షణికము. పిదప సంశయము మరింత బలిసి వచ్చును. దినమునకు గంటకు మించి కాలము హరించుచు, చదువును సంసారమును చెరచుచున్నచో అది వ్యాధియే యని యెంచవలెను.

“మడి కట్టుకొనుట వ్యాధియా?” యని పెద్దలు కోపింపవలదు. ఆచారమునకు హద్దు గలదు. స్నానమైన పిమ్మట మనస్సు ప్రసన్నమగును. ఈ వ్యాధికి హద్దు లేదు. ఎన్ని బిందెలు కుమ్మరించినను ‘చాలు’నని మనస్సు పలుకదు. అది వ్యర్థమని రోగికిని తరచుగ తెలిసియే యుండును, అయినను మానలేడు.

మా తప్పిద మొకటి చెప్పుకొందుము. మా తరగతిలో నొక బాలుడు వ్రాసిన పంక్తినే చెరిపి చెరిపి, కాగితము చిరుగువరకు దిద్దుచుండెడివాడు. మేము వాని శ్రద్ధను మెచ్చి తక్కినవారికి మేలుబంతిగ చూపితిమి. పరీక్షలో వాడు మొదటి పుట దాటలేకపోయినప్పుడు సోమరి యని మందలించితిమి. రెండుమార్లును వాని బాధను మేము చూడలేదు.

ఇది చికిత్సకు లొంగని రోగము కాదు. భయపడు వస్తువు నెదుర్కొని, కడుగుకొనకుండ నోర్చుకొను శిక్షణమువలన రోగులకు గుణము గలుగుటను 1966లో లండనునందలి విక్టర్ మేయర్ ప్రకటించెను. నేడు దానిని మెట్టుమెట్టుగ నేర్పుచున్నారు. భీతి దానంతట నదియే తగ్గునని రోగి యనుభవమున గ్రహించును. ఔషధములును గలవు. గుణము కనబడుటకు పది పండ్రెండు వారములు పట్టవచ్చును. వైద్యుని యడుగక వానిని మానరాదు.

ఇంటివారు పరిహసింపరాదు, బలవంతముగ చేతులు పట్టి యాపరాదు. నూరవసారి “శుభ్రమే, శుభ్రమే” యని నమ్మబలుకుటయు వ్యాధికి ఎరువే; దానిని వైద్యుని సలహాతో క్రమముగ తగ్గింపవలెను.

సంబంధములు తప్పిపోవునని బిడ్డల బాధను దాచవలదు. మన కందుకూరునకు హైదరాబాదు శ్రీశైలము బాటను చేరువయే. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము గలదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ వారితో 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ మాటాడవచ్చును. వరుని జాతకము చూపించుటకు వెచ్చించు శ్రద్ధలో సగము దీనికి వెచ్చించినను, ఎన్నియో యిండ్ల తలుపులు తెరచుకొనును. స్వస్తి.