లెక్కలోకి రాని పిల్లలు



సకల ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక.

2023లో పదవ తరగతి ఫలితాల్లో నిర్మల్ జిల్లా 99 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలో ప్రథమ స్థానం పొందింది. 2024లో 99.05 శాతంతో ఆ స్థానాన్ని నిలబెట్టుకున్నది. 2016 అక్టోబరు వరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలో భాగమే. ఆదిలాబాద్ అనగానే వెనుకబాటు అని పలికేవారికి ఈ సమాధానం చాలు. ఆ శాతంలో ప్రైవేటు పాఠశాలల పిల్లలూ ఉన్నారు. అయినా సర్కారు బడులు తోడు రాకుండా ఒక జిల్లా అంత ఎత్తుకు చేరలేదు. ఆ ఉపాధ్యాయుల కోసం మనం దుఆ చేయాలి.

అయితే ఉత్తీర్ణతా శాతం పరీక్షకు కూర్చున్నవారిని మాత్రమే లెక్కిస్తుంది. ఎనిమిదిలోనో, తొమ్మిదిలోనో బడి మానిన బిడ్డ ఆ నూరుమందిలో లేడు, తప్పినవారిలోనూ లేడు. నిర్మల్, జగిత్యాల, కోరుట్ల వంటి పట్టణాల్లో తల్లి బీడీల చాట ముందు కూర్చుంటే, పక్కన కూతురు తునికాకు కత్తిరిస్తూ ఉంటుంది. వేయి బీడీలకు వచ్చే కూలి ఇద్దరి చేతులతో త్వరగా చేతికందుతుంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటే పెద్ద కొడుకు మెకానిక్ షెడ్డుకు పోతాడు. ఈ పేదరికాన్ని నిందించే హక్కు కడుపు నిండినవారికి లేదు.

కానీ బద్ర్ యుద్ధానంతరం జరిగినదాన్ని గుర్తుచేసుకోండి. అది హిజ్రీ రెండవ సంవత్సరం. మదీనాలో ముస్లిములు పేదవారు. బందీల విమోచన ధనం వారికి ఎంతో అవసరం. అయినా ధనం చెల్లించలేని, అక్షరజ్ఞానం గల బందీలు తలా పదిమంది పిల్లలకు రాత నేర్పితే చాలునని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఆ గురువులు విశ్వాసులు కారు, నిన్నటి శత్రువులు. చదువు చెప్పేవాని మతం అక్కడ ప్రశ్న కాలేదు.

"సర్కారు బడిలో చదువెక్కడిది?" అంటారు. ఉర్దూ మాధ్యమం బడిలో గణితం చెప్పేవారు లేరని చాయ్ హోటల్లో వాపోతాము. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడువంతుల మంది, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు కావాలి. ఆ సమావేశానికి మనలో ఎందరు వెళ్లారు? ఉపాధ్యాయుడు కావాలని తీర్మానం రాయించి సంతకం పెట్టినవారెందరు? మన బాసరలోనే 2008లో స్థాపించిన సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ పదవ తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. తొమ్మిదిలో బడి విడిచిన బిడ్డకు ఆ తలుపు ఉన్నదనే తెలియదు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వయసుకు తగిన తరగతిలో ప్రవేశం చట్టబద్ధమైన హక్కు. ఆ వయసు దాటినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పదవ తరగతి రాయవచ్చు. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి.

ఈరోజు నమాజు తర్వాత మసీదు ద్వారం వద్ద ఒక నోటుబుక్కు ఉంటుంది. మీ వీధిలో బడి మానిన పిల్లల పేరు, వయసు, ఆపిన తరగతి అందులో రాయించండి. నలుగురిలో చెప్పడానికి బిడియపడేవారు ఇమామ్ సాహెబ్‌కు విడిగా చెప్పవచ్చు. సోమవారం ఆ జాబితాతో ప్రధానోపాధ్యాయుని వద్దకు వెళ్తాము. తోడుగా వచ్చేవారు ఇద్దరు కావాలి. వారిలో ఒకరు తల్లి అయితే మరీ మంచిది.