వ్యోమకవచము: ఒక సందేహమునకు సమాధానము



చంద్రునిపై మానవుడు కాలు మోపెనను మాటను నమ్మనివారు నేటికిని లోకమున గలరు. వారి సందేహములలో విచారింపదగినది యొకటి యున్నది. చంద్రునిపై గాలి లేదు. వెలుపల ఒత్తిడి లేనిచోట, లోపల గాలి నింపిన గుడ్డ ఉడుపు బుడగవలె ఉబ్బి పగిలిపోదా యని వారి ప్రశ్న. ప్రశ్న అవివేకమైనది కాదు. దాని సమాధానము మన వాకిట నిలిచిన సైకిలు చక్రమునందే కలదు.

ట్యూబును విడిగా తీసి గాలి కొట్టినచో ఉబ్బి ఉబ్బి తుదకు పగులును. టైరులో నుంచినచో అంతకంటె హెచ్చు గాలి నోర్చుకొని మనిషిని మోయును. ట్యూబు గాలిని పట్టును. టైరు ట్యూబును పట్టును. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ధరించిన కవచములందును ఇదియే ఏర్పాటు. లోపల రబ్బరు పూసిన నైలాను పొర గాలిని నిలుపును. దానిపై సాగని గట్టి నేత దానిని ఉబ్బనీయదు. మోకాలు, మోచేయి తావులందు హార్మోనియము తిత్తివలె మడతలుండుటచే అవయవములు వంగును. పైపొరలు ఎండవేడిమిని అడ్డగించును.

లోపలి ఒత్తిడియు స్వల్పమే. సముద్రతీరమున గాలి చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము బరువుతో మనపై ఒత్తుచుండును. ఆ కవచములలో నున్నది అందు నాలుగవ వంతు మాత్రమే. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు ఐదవ వంతు. కవచములో నింపినది కేవలము ప్రాణవాయువే గనుక ఊపిరికి లోటు లేదు. సైకిలు టైరులోని ఒత్తిడి దీనికి సుమారు పది రెట్లుండును.

అయినను అపాయము లేకపోలేదు. 1965 మార్చిలో రష్యా వ్యోమగామి లియోనోవ్ నౌక వెలుపలికి వచ్చినప్పుడు కవచము ఉబ్బెను. కొంత గాలిని విడిచిన పిమ్మట గాని ఆయన లోనికి రాలేకపోయెను. 1966లో అమెరికాలోని హ్యూస్టనులో, గాలి తీసిన గదిలో పరీక్ష జరుగుచుండగా జిమ్ లెబ్లాంక్ కవచపు గొట్టము ఊడెను. సుమారు 14 సెకనులలో ఆయనకు స్పృహ తప్పెను. నాలుకపై ఉమ్మి మరుగుట యొక్కటియే ఆయనకు తుది జ్ఞప్తి. వెంటనే గదిలో గాలి నింపుటచే బ్రతికెను.

కర్ణునికి కవచము పుట్టుకతో వచ్చినది. చంద్రునిపై నడచినవారికి అది కుట్టుపనివలన వచ్చినది. డెలావేరు రాష్ట్రమున వాటిని కుట్టిన మహిళలలో కొందరు అంతకుముందు స్త్రీల లోదుస్తులు కుట్టినవారే. ఒక్క అతుకు విడినను ఒక ప్రాణము పోవును.

కవచము నిలుచునని తేలినంతనే యాత్ర జరిగినట్లు రుజువు కాదందురేమో. దానికి వేరు సాక్ష్యములు కలవు. 1969-1972 నడుమ 12 మంది అచట నడచి, 382 కిలోగ్రాముల రాళ్లను, మట్టిని తెచ్చిరి. 2019లో మన శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-2, ఆర్మ్‌స్ట్రాంగ్ దిగిన తావును 2021లో చిత్రించెను. అచట విడిచివచ్చిన నౌకాభాగము ఆ చిత్రమున కనుపించుచున్నది.

సందేహించుట దోషము కాదు. సమాధానము వినకుండుట దోషము. సందేహముతో గడప త్రొక్కినవానికి పుస్తకము చేతికిచ్చు తావు గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున జరుగుచున్న ఆ పని ఇకముందును సాగుగాక!