కుండలో చీటీలు

తమిళనాడులో కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరు గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుని శాసనాలు రెండున్నాయి, 919, 921 నాటివి. ఊరి పనులు చూసే సంఘాలకు సభ్యులను ఎలా ఎంచాలో చెబుతాయవి. 30 వాడల నుంచి అర్హుల పేర్లు తాటాకు చీటీల మీద రాసి కుండలో వేయాలి, చిన్నపిల్లవాడి చేత తీయించాలి. లెక్కలు అప్పజెప్పనివాడికే కాదు, అతని బంధువులకూ అర్హత లేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో టంగుటూరి ప్రకాశం పంతులు పంచాయతీల కోసం వాదిస్తూ ఈ శాసనాన్నే ఉదాహరించారు.

చరిత్రకారులు మాత్రం ఆ కుండలో ఎవరి పేర్లు పడేవని ముందు అడుగుతారు. అది బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. సొంత భూమి, సొంత ఇల్లు, వేదజ్ఞానం ఉన్నవాళ్లకే అవకాశం. ప్రాచీన ఏథెన్సు ప్రజాస్వామ్యంలోనూ స్త్రీలకు, బానిసలకు చోటు లేదు కదా అనవచ్చు. నిజమే. కానీ అక్కడ భూమిలేని పౌరుడు కూడా సభలో చేయెత్తేవాడు, ఇక్కడ ఆ దారి లేదు. అందుకని దీన్ని ప్రజాస్వామ్యం అనలేకపోయినా, కొట్టిపారేయలేం. మొదటి నియమాలను రెండేళ్లకే మార్చి రాశారన్నది నా దృష్టిలో అసలు ఆధారం. రాతి మీద ఉన్న నియమం ఊళ్లో నడిచిందని రుజువు కాదు. వెంటనే సవరించారంటే మాత్రం దాన్ని అమలుచేయబోయి ఎక్కడో చిక్కుపడ్డారని అనుకోవచ్చు.