ఎంగిలాకులు ఎత్తే పని ఎవరికిచ్చారు?

(విశ్వవిద్యాలయ హాస్టల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేద విద్యార్థులకు యూనివర్సిటీలోనే పార్ట్‌టైమ్ పని ఇప్పించే పథకాల గురించి నన్ను మాట్లాడమన్నారు. పొద్దున మెస్సు దగ్గర ఒక తమ్ముడు ఆపి, 'అన్నా, ఇది మంచిదా, మోసమా? ఒక్క ముక్కలో చెప్పు' అన్నాడు. ఒక్క ముక్కలో తేలేది కాదు తమ్ముడూ. ఎవరు చేస్తారు, ఏ పని చేస్తారు, ఎంతిస్తారు, అది చూపించి మనకు రావలసిన దాంట్లో ఏది కోస్తారు, ఇవన్నీ అడగాలి. అడక్కుండా చప్పట్లు కొట్టడమూ తప్పే, తిట్టిపొయ్యడమూ తప్పే.

ముందు నా సంగతి చెప్తాను. 1990ల చివర్లో నేను పీజీ చదివేటప్పుడు స్కాలర్‌షిప్పు ఫిబ్రవరికో మార్చికో వచ్చేది. మెస్సు బిల్లు మాత్రం నెలనెలా తప్పకుండా వచ్చేది. బకాయి పడ్డవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద ఎక్కేవి. ఆ బోర్డు చూస్తే రిజర్వేషన్ రోస్టరు చూసినట్టే ఉండేది. మా గదిలో ముగ్గురం పెళ్ళిళ్ళ సీజన్లో కేటరింగ్‌కి పోయేవాళ్ళం. రాత్రికి 50 రూపాయలు, మిగిలిన అన్నం.

మొదటి రోజు కాంట్రాక్టరు మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. ఒక్కొక్కర్నీ ఏ ఊరు, ఊళ్ళో ఇల్లు ఎటువైపు అని అడిగాడు. కులం అడగలేదు సుమా! చదువుకునే కుర్రాళ్ళు గదా, మర్యాద పాటించాడు. ఇల్లు ఎటువైపో చెప్పాక ఇంక అడగాల్సింది ఏముంటుంది? కొందరికి తెల్ల చొక్కాలిచ్చి వడ్డనకి పంపాడు. మమ్మల్ని ఎంగిలాకులు ఎత్తడానికి, గుండిగలు తోమడానికి వెనక్కి పంపాడు. వడ్డించినవాళ్ళలో ఒకడు మా క్లాసువాడే. నోట్సు నా దగ్గరే తీసుకుని రాసుకునేవాడు. వాడికీ 50 రూపాయలే, నాకూ 50 రూపాయలే. కూలి దగ్గర సమానత్వం, పని దగ్గర మనుధర్మం.

తెల్లవారి క్లాసులో కునుకు పట్టింది. 'గవర్నమెంటు డబ్బులిచ్చి చదివిస్తుంటే వీళ్ళు నిద్రపోతారు' అన్నాడు లెక్చరరు. క్లాసంతా నవ్వింది. ఆ గవర్నమెంటు డబ్బు ఇంకా రాలేదు సార్, అందుకే నిద్ర వస్తోంది అని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. ఇన్నేళ్ళకు మీ ముందు చెప్తున్నాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. గుండిగ పోయి డెలివరీ బ్యాగు వచ్చింది, అంతే. ఈ హాల్లో ఎంతమంది రాత్రిపూట ఆ బ్యాగు తగిలించుకుని తిరుగుతున్నారో చేతులెత్తమంటే ఎత్తరు. వెనక వరసలో ఇద్దరు నవ్వుతున్నారు, నాకు అర్థమైంది. ఆడపిల్లలకు ఆ దారి కూడా లేదు. హాస్టల్ గేటు మూసే టైము వాళ్ళకు అడ్డం. ఇంటి నుంచి డబ్బు రాకపోతే రాత్రి కూలికి పోయే వీలు లేక చదువే మానుకుంటున్నారు.

లెక్క చూడండి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడుగా ఉన్న రోజులవి. అది దయాధర్మం కింద వచ్చింది కాదు, కొట్లాడి తెచ్చింది. 2021లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం విద్యార్థికి ఇచ్చే అకడమిక్ అలవెన్సు ఏడాదికి 2,500 నుంచి 13,500 రూపాయల దాకా ఉంటుంది. చదివే కోర్సును బట్టి, హాస్టల్లో ఉన్నాడా ఇంటి నుంచి వస్తున్నాడా అన్నదాన్ని బట్టి. ఫీజుల సంగతి వేరే. అందరికంటే ఎక్కువ వచ్చేవాడి 13,500ని పన్నెండుతో భాగించండి. నెలకు 1,125. రాష్ట్రాలు దీనిమీద ఏదైనా కలిపితే కలిపాయి. మీ మెస్సు బిల్లు ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు.

కాబట్టి మనోళ్ళు చదువుకుంటూ పని చెయ్యాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో అయిపోయింది. చేస్తూనే ఉన్నారు. ఆ పని రోడ్ల మీద రాత్రి రెండింటికి చెయ్యాలా, క్యాంపస్‌లో లైబ్రరీలోనో లాబ్‌లోనో పగటిపూట చెయ్యాలా అన్నదే మిగిలింది.

అమెరికా వాళ్ళు దీన్ని ఎట్లా చేశారో కొంచెం చెప్తాను. 1930లలో అక్కడ పెద్ద మాంద్యం వచ్చి లక్షలమంది చదువులు మానేస్తుంటే 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ అని ఒకటి పెట్టింది. కాలేజీలోనే పని ఇచ్చి విద్యార్థికి నెలకు సుమారు 15 డాలర్లు ఇచ్చేవాళ్ళు. డబ్బు పంచే అధికారం రాష్ట్రాల చేతుల్లో పెడితే దక్షిణాదిలో నల్లవాళ్ళకు ఏం దక్కుతుందో మీరు ఊహించుకోవచ్చు. 1936 నుంచి ఆ సంస్థలో నల్లజాతి విభాగం చూసినామె మేరీ మెక్లియోడ్ బెథూన్. తల్లిదండ్రులు బానిసలుగా పుట్టినవాళ్ళు. ఆమె చిన్నప్పుడు పత్తి చేలల్లో పని చేసింది. 'పేదలందరికీ ఇస్తున్నాం గదా, నల్లవాళ్ళకు వేరే ఎందుకు' అనే మాటను ఆమె ఒప్పుకోలేదు. పై చదువులు చదివే నల్ల విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక నిధి పెట్టించింది, ఆ నిధిని తన చేతుల్లోనే ఉంచుకుంది. 'పేదలందరికీ' అన్న మాట కింద మన వాటా ఎట్లా మాయమవుతుందో మనకీ తెలుసు.

అదే సంస్థకు టెక్సాస్ రాష్ట్రంలో డైరెక్టరుగా పనిచేసినవాడు లిండన్ జాన్సన్. కాలేజీలో చదివేటప్పుడు చీపురు పట్టి ఊడ్చే పని చేసుకుని చదివాడు. తర్వాత ప్రెసిడెంటు అయ్యాక 1964లో తెచ్చిన చట్టంలో వర్క్ స్టడీ పథకం పెట్టాడు. ఇప్పటికీ నడుస్తోంది. కుటుంబ ఆదాయం చూసి అర్హత తేలుస్తారు. జీతంలో ఎక్కువ భాగం సర్కారుది, మిగిలింది కాలేజీది. కనీస వేతనం కన్నా తక్కువ ఇస్తే చట్టం ఒప్పుకోదు. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఈ పథకం కింద సంపాదించిన డబ్బును చూపించి మరుసటేడు సాయం తగ్గించరు. ఈ చివరి నిబంధన గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇక్కణ్ణుంచి స్టూడెంట్ వీసా మీద పోయిన తెలుగు విద్యార్థులకు ఆ పథకం వర్తించదు. మనవాళ్ళు స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. చాలామందికి దొరికేది డైనింగ్ హాల్లో పని. ఇంట్లో తాగిన గ్లాసు కూడా ఎత్తని పిల్లలు అక్కడ ఊరందరి పళ్ళేలూ తోముతున్నారు. ఇక్కడ తల్లిదండ్రులు చుట్టాలకు గొప్పగా చెప్పుకుంటున్నారు, 'మావాడు సొంత కాళ్ళ మీద నిలబడ్డాడు' అని! మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. డాలర్లిచ్చే చోట పళ్ళెం తోమితే మైల అంటదని తెలిసింది గదా. ఆ జ్ఞానం విమానం దిగి ఇంటికొచ్చేటప్పుడు ఎక్కడ వదిలేసి వస్తున్నారో వాళ్ళే చెప్పాలి.

అంత దూరం ఎందుకు, మన పక్క రాష్ట్రంలోనే సతారా ఉంది. ఫూలే పెట్టిన సత్యశోధక సమాజం దారిలో నడిచిన భావురావ్ పాటిల్ 1919లో రయత్ శిక్షణ సంస్థ పెట్టాడు. 1924లో సతారాలో హాస్టల్ నడిపాడు. మరాఠా పిల్లలు, మహార్ పిల్లలు, మాంగ్ పిల్లలు, ముస్లిం పిల్లలు ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు, ఒకే బంతిన తినేవాళ్ళు. గింజలు లేని రోజున ఆయన భార్య లక్ష్మీబాయి మంగళసూత్రం ఇచ్చేసి పిల్లలకు అన్నం పెట్టింది. పిల్లలు పొలం పని చేసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, చదువుకునేవాళ్ళు. 'సంపాదించు, చదువుకో' అని ఆ పద్ధతికి పేరు. ఇవాళ పూనా యూనివర్సిటీలో ఆయన పేరు మీదే ఆ పథకం నడుస్తోంది.

సతారాలో ఉన్న కిటుకు ఏమిటంటే పని అందరిదీ. మరాఠా పిల్లవాడు గిన్నె తోముతుంటే మహార్ పిల్లవాడు పిండి పిసికాడు. ఆ పిండితో చేసిన రొట్టె అందరూ తిన్నారు. అదీ ఆ హాస్టల్ చేసిన విప్లవం. కులం శ్రమను మాత్రమే విడగొట్టలేదు, శ్రమ చేసేవాళ్ళను మెట్లు మెట్లుగా విడగొట్టింది అని బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు. సతారా హాస్టల్ ఆ మెట్లను వంటింట్లోనే పగలగొట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2023లో యూజీసీ వెనకబడిన వర్గాల విద్యార్థుల కోసం ఒక ముసాయిదా తెచ్చింది. చదువుకుంటూ సంపాదించే పథకాలు పెట్టమని యూనివర్సిటీలకు చెప్పింది. లైబ్రరీ, కంప్యూటర్లు, లాబ్, రీసెర్చ్ ప్రాజెక్టుల్లో సాయం అని పనులు కూడా చూపించింది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఇక్కడ పని చేసేది ఎవరు? వెనకబడ్డ పిల్లలే. పక్క బెంచీ పిల్లవాడు చదువుకుంటుంటే మనవాడు వాడికి పుస్తకాలు అందిస్తాడు. అందులో తప్పు లేదంటారా? లైబ్రరీలో పుస్తకాలు సర్దితే పుస్తకాలు తెలుస్తాయి, నేను కాదనను. అయితే కౌంటరు దగ్గర కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతారు, బీరువాల వెనక దుమ్ము దులపడానికి ఎవర్ని పంపుతారు? ఆ కేటరింగ్ కాంట్రాక్టరు లాంటివాడు రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండడని మీకు నమ్మకం ఉందా? నాకు లేదు.

జీతం లేని పార్ట్‌టైమ్ ఇప్పటికే నడుస్తోంది గదా. గైడు గారింటికి గ్యాస్ సిలిండరు తెచ్చేది ఎవరు? వాళ్ళ పాపను స్కూలు నుంచి తీసుకొచ్చేది ఎవరు? రీసెర్చ్ స్కాలర్లు తల దించుకుంటున్నారు. దించుకోకండి. సంతకం వాళ్ళ చేతుల్లో ఉన్నంతకాలం ఈ వెట్టి ఉంటుంది. రేపు పార్ట్‌టైమ్ హాజరు సంతకం కూడా వాళ్ళ చేతుల్లోనే పెడితే వెట్టికి రసీదు ఇచ్చినట్టవుతుంది.

ఇంకో భయం ఉంది. ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. 'పని ఇస్తున్నాం గదా, స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే ఏం?' అంటారు. తర్వాత 'స్కాలర్‌షిప్పు దేనికి?' అంటారు. అందుకే అమెరికా చట్టంలో ఆ చివరి నిబంధన గుర్తుపెట్టుకోమన్నాను. స్కాలర్‌షిప్పు హక్కు, పని జీతం వేరు. ఒకటి చూపించి ఇంకోటి ఆపకూడదని కాగితం మీద రాయించుకోవాలి. 2016 జనవరి 17న మనల్ని వదిలిపోయిన రోహిత్ వేముల చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్పు బాకీ లెక్క ఉంది. 1,75,000 రూపాయలు. చచ్చిపోతున్నవాడు కూడా ఎవరికి ఎంత రావాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో రాసిపెట్టి పోవలసి వచ్చింది. పేదోడి పిల్లవాడికి సమయానికి రాని డబ్బు ఎంత బరువో దాంట్లో ఉంది.

కాబట్టి పథకం వద్దనకండి. రమ్మనండి. గంటకు ఎంతో చెప్పమనండి, కనీస వేతనానికి పైసా తగ్గకూడదనండి. పరీక్షల నెలలో పని ఆపి జీతం ఆపవద్దనండి. ఏ పని ఎవరికిచ్చారో నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టమనండి. మన బకాయిలు పెట్టడానికి బోర్డు ఉంది గదా, ఇది పెట్టడానికి చోటు లేదంటారా? పనులు పంచే కమిటీలో హాస్టల్ విద్యార్థులు ఉండాలి, అందులో ఆడపిల్లలు ఉండాలి. ఊడ్చే పని, తోమే పని ఉంటే దానికి వంతులు వెయ్యమనండి, ప్రొఫెసర్ గారబ్బాయికి కూడా వంతు రావాలి.

వచ్చే సోమవారం మనవాళ్ళు రిజిస్ట్రార్ని కలుస్తున్నారు. చేతిలో లెక్క లేకుండా పోతే టీ ఇచ్చి పంపిస్తాడు. ఇప్పుడు మీ దగ్గరికి తెల్ల కాగితాలు వస్తాయి. పేరు రాయొద్దు. మీరు ఏ పని చేస్తున్నారు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత ఇస్తున్నారు, స్కాలర్‌షిప్పు చివరిసారి ఏ నెలలో వచ్చింది, ఈ నాలుగే రాయండి. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళను అడగండి. వెనక నవ్విన ఆ ఇద్దరు తమ్ముళ్ళూ, ముందు మీరే రాసి ఇవ్వాలి.