రౌటరులోని దొడ్డివాకిలి

గోడకు తగిలించిన రౌటరును మన ఇండ్లలో ఎవరును తేరిపార చూడరు. ఇంటర్నెట్టు బిగించుటకు వచ్చిన మనిషి దానిని మేకునకు తగిలించి, పచ్చదీపములు వెలిగినవని చూపి వెళ్ళిపోవును. మరల అది ఆగిపోయిన నాడే మనకు జ్ఞాపకము వచ్చును. కాని ఆ చిన్న పెట్టె నిజమునకు ఒక కంప్యూటరు. దానికొక ప్రాసెసరు, ఒక మెమరీ చిప్పు, ఆ చిప్పులో ఫ్యాక్టరీయందే వ్రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట ఉన్నవి. ఈ మూటకే ఫర్మ్‌వేర్ అని పేరు. మన ఇంటికి వచ్చిపోవు సమాచారమంతయు దాని చేతిమీదుగా నడచును. అందులో ఏమి వ్రాసియున్నదో కొన్నవారికి తెలియదు, అమ్మినవారికి తెలియదు. తయారుచేసిన కంపెనీలో సైతము ఒక్కొక్కప్పుడు మరపున పడును.

తెలిసికొనుటకు దానిని చదువుటయే మార్గము. అట్లు చదివినవారిలో ఒకరి కథను చెప్పుకొందము.

2013 అక్టోబరులో అమెరికాకు చెందిన క్రెయిగ్ హెఫ్నర్ అను పరిశోధకుడు, డీ-లింక్ కంపెనీవారి డిఐఆర్-100 అను రౌటరు ఫర్మ్‌వేరును దింపుకొనెను. ఇందులో రహస్యమేమియు లేదు. అది కంపెనీవారు కొనుగోలుదారుల కొరకు బహిరంగముగా ఉంచిన ఫైలే. అట్టి ఫైలు పైకి ఒక ముద్దవలె కనబడును. దానిని విడదీయుటకు హెఫ్నరే వ్రాసిన బిన్‌వాక్ అను ప్రోగ్రాము కలదు. పలు రకముల ఫైళ్ళకు ఆరంభమున కొన్ని నియతమైన గుర్తులుండును. తాటాకు ప్రతులను పరిష్కరించు పండితులు శ్రీకారమును చూచి, ఇచ్చట వేరొక గ్రంథము మొదలైనదని పోల్చుకొన్నట్లే, బిన్‌వాక్ ఆ గుర్తులను బట్టి ఏది ఎచ్చట మొదలైనదో చెప్పును. మూట విప్పగా రౌటరు సెట్టింగుల పేజీని చూపెడి ప్రోగ్రాము బయటపడినది.

అది యంత్రభాషలో ఉన్నది. ఐనను యంత్రభాష నడుమ మనుష్యులు చదువదగిన మాటలు అక్కడక్కడ మిగిలియుండును. పాస్‌వర్డు అడుగవలెనా, అక్కరలేదా అని తేల్చు భాగమును ఆయన పట్టుకొని అడుగడుగున వెంబడించెను. పేజీలోని బొమ్మలను అడిగినచో పాస్‌వర్డు అక్కరలేదు. ఇది సబబే, పాస్‌వర్డు అడుగు పేజీకిని బొమ్మలుండును గదా! ఆ పిదప ఒక వింత కనబడినది. బ్రౌజరు ప్రతిసారియు తానెవరో ఒక వాక్యములో చెప్పుకొనును. ఆ వాక్యమును, లోపల వ్రాసియున్న ఒక అర్థములేని అక్షరముల వరుసతో ప్రోగ్రాము పోల్చి చూచుచుండెను. రెండును ఒక్కటియైనచో పాస్‌వర్డు లేకయే తలుపు తీయుచుండెను.

ఆ వరుస నడుమ 28840 అను అంకెలున్నవి. మన చిత్రకవిత్వమున విలోమ పద్యమును చదివినట్లు, ఆ తోకభాగమును చివరి నుండి వెనుకకు చదివినచో ఆంగ్లమున చక్కని వాక్యమే వచ్చును: సవరించినది 04882 జోయెల్, దొడ్డివాకిలి. పెట్టినవాడు తన పేరును కూడ దాచుకొనలేదు! విశేషమేమనగా, ఈ వరుసను అంతకు కొన్నేండ్ల క్రిందటనే రష్యాలో ఎవరో చూచి, ఆసక్తికరమైన పంక్తియని మాత్రము గుర్తించి విడిచిరి. చూచుట వేరు, చదువుట వేరు.

ఇంటివారు ఎంత కఠినమైన పాస్‌వర్డు పెట్టుకొన్నను ఆ వరుస తెలిసినవాని యెదుట అది నిరర్థకము. సెట్టింగులు చేతికి చిక్కినచో, బ్యాంకు పేరు టైపు చేసినవారిని మారుపేజీకి మళ్ళింపవచ్చును. మరి దానిని ఏల పెట్టిరి? అదే పెట్టెలోని మరొక ప్రోగ్రామునకు అప్పుడప్పుడు సెట్టింగులు మార్చవలసిన పని పడును. దానికి సులువుగా ఉండుటకై పెట్టియుందురని హెఫ్నర్ ఊహించెను. మా దృష్టిలో ఇదియే ఎక్కువ కలవరపెట్టు సంగతి. దుర్మార్గుడు అరుదు, పని త్వరగా తెమల్చుకొనగోరు ఉద్యోగి ప్రతి కంపెనీలోను ఉండును.

ఇది ఒంటరి దృష్టాంతము కాదు. ఫ్రాన్సులోని యూరెకామ్ సంస్థ పరిశోధకులు 2014లో ముప్పదిరెండు వేలకు పైగా ఫర్మ్‌వేరులను యంత్రసహాయమున విప్పి చూచి, అదివరకెవరును ఎరుగని 38 లోపములను పట్టిరి. అవి 693 ఫర్మ్‌వేరులలో వ్యాపించియుండెను. ఒకరి ప్రోగ్రామును పలువురు వాడుకొనుటచే ఒక తప్పు అనేక ముద్రల క్రింద అమ్ముడుపోవుచున్నదన్నమాట. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డుల పట్టికనొకదానిని చేతబట్టి, లక్షలాది కెమెరాలను, రౌటర్లను లోబరచుకొన్నది. వానిలో కొన్నిటి పాస్‌వర్డు ఫర్మ్‌వేరులోనే పాతుకొనియుండుటచే, యజమానికి మార్చవలెనన్నను సెట్టింగుల పేజీలో దారి లేకపోయెను.

మన దేశమున 2025 ఏప్రిల్ 9 నుండి సీసీ కెమెరాలకు అమ్మకమునకు ముందే భద్రతా పరీక్ష తప్పనిసరి యైనది. కాని మన గోడలకు ఇదివరకే తగిలించియున్న వాని మాట వేరు. డీ-లింక్‌వారు 2013లోనే సవరించిన ఫర్మ్‌వేరును విడుదల చేసిరి. అయినను అది తనంతట తాను పాత పెట్టెలలోనికి పోలేదు. ఎక్కించుకొన్నవారికే లోపము తీరినది. మీ రౌటరు అడుగున అంటించిన చీటిపై మోడలు పేరును, హార్డ్‌వేర్ వర్షనును ముద్రించి యుండును. కంపెనీవారి సైటులో వెదకునపుడు రెండును సరిచూచుకొనవలెను, ఏలనగా పేరొకటియై వర్షను వేరైన ఫైలును ఎక్కించినచో రౌటరు పనిచేయకుండ పోవచ్చును. ఆ మోడలుకు ఇక సవరణలు ఇయ్యమని కంపెనీవారు ప్రకటించియున్నచో, దీపములు ఎంత పచ్చగా వెలుగుచున్నను దానిని మార్చివేయుటయే మేలు.